క్రాకోవ్ అంగడిలో ఏది పాతది, ఏది అసలైనది, చివరికి ఎంత పడుతుంది?

"పోలండ్ ఐరోపా సమాఖ్యలోనే ఉంది కదా, యూరోలు పట్టుకెళ్తే చాలదా?" పిల్లలు పోలండ్‌లో చదువుతున్న ఇళ్లలో, వాళ్లను చూసి రావడానికి టికెట్లు తీసుకున్న రోజు మొట్టమొదట వచ్చే ప్రశ్న ఇదే. చాలదు. అక్కడ మొదలైన తికమక క్రాకోవ్‌లో దిగాక ఇంకాస్త పెరుగుతుంది. ఆదివారం మాల్ మూసి ఉంటుంది, దాని పక్కనే రైల్వే స్టేషన్‌లో కొట్టు తెరిచి ఉంటుంది. అంబర్ పూస అని చెప్పి ఒక కొట్లో వంద జ్వోతిలు (పోలండ్ డబ్బు), పక్క కొట్లో అలాంటిదే నాలుగు వందలు అంటారు. కోటకు టికెట్ తీసుకుంటే కోటలోని చర్చికి అది చెల్లదంటారు. పన్ను వెనక్కి వస్తుందని విని 23 శాతం లెక్కేసుకుంటే చేతికి అంత రాదు.

క్రాకోవ్‌లో చూడటం, కొనడం రెండు వేరు పనులు కావు. ఊరి నడిబొడ్డున ఉన్న ప్రసిద్ధ కట్టడమే ఒక బట్టల బజారు, అందులో నేటికీ కొట్లున్నాయి. అందుకే ఇక్కడ చరిత్రనూ బిల్లునూ కలిపే చూడాలి.

ముందు పేర్ల సంగతి. మనం క్రాకోవ్ అని రాసే ఊరిని అక్కడివాళ్లు క్రాకుఫ్ అంటారు. పోలిష్‌లో అడ్డగీత ఉన్న 'ల' అక్షరం ఒకటుంది, అది 'వ'లా పలుకుతుంది. మన పత్రికలు జ్లోటీ అని రాసే నాణెం వాళ్ల నోట జ్వోతి, విస్తులా నది వాళ్లకు విస్వా. ఈ ఒక్క అక్షరం తెలిస్తే ట్రామ్‌లో వినిపించే స్టాపుల పేర్లు సగం అర్థమవుతాయి.

అంగడి చుట్టూ గీసిన ఊరు

1241లో తాతారు (మంగోలు) సేనలు క్రాకోవ్‌ను తగలబెట్టాయి. 1257లో అప్పటి పాలకుడు బొలెస్వావ్ మాగ్డెబర్గ్ చట్టం ప్రకారం ఊరికి కొత్తగా పట్టా ఇచ్చాడు. మాగ్డెబర్గ్ ఒక జర్మన్ పట్టణం. ఆ ఊరి పద్ధతిని మధ్య ఐరోపాలో చాలా పట్టణాలు తెచ్చుకున్నాయి. ఊరివాళ్లు తమ మండలిని, తమ న్యాయస్థానాన్ని, తమ సంతను తామే నడుపుకుంటారు, పాలకుడికి పన్ను కడతారు. ఇప్పటి మాటల్లో స్థానిక స్వపరిపాలన చట్టం, టౌన్ ప్లాన్ కలిపి ఒకే కాగితంలో ఇచ్చినట్టు.

ఆ ప్లాన్‌కు కేంద్రం రినెక్ గ్వువ్ని, అంటే పెద్ద సంత మైదానం. ఒక్కో వైపు దాదాపు 200 మీటర్ల చతురస్రం. మధ్యయుగపు ఐరోపా చౌకుల్లో ఇది అతి పెద్దవాటిలో ఒకటి. వీధులన్నీ దీని అంచుల నుంచి స్కేలు పెట్టి గీసినట్టు బయలుదేరతాయి, వావెల్ కోట వైపు పోయే గ్రోద్స్కా వీధి మాత్రం వాలుగా పోతుంది. ఆ దారి పట్టా కంటే పాతది. ఆ మూలనే సెయింట్ వోయ్‌చెఖ్ చిన్న చర్చి చౌకు గీతలతో పొసగకుండా ఓరగా నిలబడి ఉంటుంది. దాని పాత నేల ఇప్పటి చౌకు కంటే కిందికి ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్లలో మట్టి, చెత్త, రాళ్లు పేరుకుంటూ చౌకు ఎంత పైకి లేచిందో చూడాలంటే ఆ చర్చి పునాది దగ్గర ఒక నిమిషం ఆగితే చాలు. గైడ్‌లు చాలామంది ఆపకుండానే దాటేస్తారు, నాకైతే చౌకులో అన్నిటికంటే బాగా మాట్లాడే గోడ అదే.

మరి ఇంత పెద్ద చౌకు ఎందుకు? జవాబు నిలవ హక్కు అనే మాటలో ఉంది. 14వ శతాబ్దం మొదట్లో క్రాకోవ్‌కు ఆ హక్కు దక్కింది. ఊరి మీదుగా సరుకు తీసుకెళ్లే వర్తకుడు ఊరక దాటిపోవడానికి వీల్లేదు. బండి దించి, ఇక్కడి వర్తకులకు ముందుగా అమ్మకానికి చూపించాలి. హంగరీ రాగి, దగ్గర్లోని వియెలిచ్కా ఉప్పు, పడమటి నుంచి వచ్చే ఉన్ని బట్ట, అన్నీ ఇక్కడ ఆగేవి. ఊరు సంపన్నమైంది సరుకు తయారుచేసి కాదు, సరుకును ఆపి.

సుకెన్నిత్సె వయసు ఎంత అని అడిగితే నాలుగు జవాబులు

చౌకు మధ్యలో ఉన్న పొడవాటి భవనం సుకెన్నిత్సె. సుక్నో అంటే ఉన్ని బట్ట, కాబట్టి ఇది బట్టల బజారు. దీని వయసు గురించి ఒక్కో బోర్డు మీద ఒక్కో సంవత్సరం ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఒక్కొక్కరు ఒక్కో పొర గురించి చెబుతున్నారు.

బట్టల కొట్లకు హామీ ఇచ్చింది 1257 నాటి పట్టా. పెద్ద రాతి భవనం కట్టించింది 14వ శతాబ్దంలో రాజు మూడో కజిమియెష్. 1555లో అది కాలిపోయాక పునరుజ్జీవన శైలిలో మళ్లీ కట్టారు. పైకప్పు అంచున వెక్కిరిస్తున్నట్టు ఉండే ముఖాలు ఆ కాలానివి. ఇక ఫొటోల్లో అందరూ తీసుకునే కమానుల వరుస, లోపల రెండు వైపులా ఉన్న చెక్క కొట్లు 1875-79 మధ్య తోమాష్ ప్రిలిన్‌స్కి చేసిన మరమ్మతులో వచ్చినవి. మధ్యయుగపు కమానులు అనుకుని మనం ఆనుకుని నిలబడేవి నిజానికి 150 ఏళ్ల లోపువి. అయితే వాటిని దొంగ పాతవి అనలేం. కాలానికి తగ్గట్టు బాగుచేసుకుంటూ వాడుకుంటున్న బజారు అది.

నిజంగా మధ్యయుగాన్ని చూడాలంటే కాళ్ల కిందికి దిగాలి. 2005లో మొదలైన తవ్వకాల్లో పాత కొట్ల గోడలు, రాళ్లు పరిచిన దారులు బయటపడ్డాయి. 2010 నుంచి చౌకు కింద అదొక మ్యూజియం.

సుకెన్నిత్సె మధ్య దారిలో గోడకు ఒక ఇనుప కత్తి వేలాడుతూ ఉంటుంది. ఎదురుగా ఉన్న మరియా చర్చికి రెండు శిఖరాలున్నాయి, ఒకటి 82 మీటర్లు, ఇంకొకటి 69. కట్టిన అన్నదమ్ముల్లో ఒకడు ఈర్ష్యతో రెండోవాడిని ఈ కత్తితోనే పొడిచాడని కథ. పొడవాటి శిఖరం మీది నుంచి గంటగంటకూ నాలుగు దిక్కులకూ హెయ్నావ్ అనే బూర పాట ఊదుతారు, అది మధ్యలో టక్కున ఆగిపోతుంది. 1241లో కాపలావాడి గొంతులో తాతారు బాణం దిగిందని, అందుకే పాట అక్కడ తెగిందని ఇంకో కథ. ఇప్పుడున్న చర్చి ప్రధానంగా 14వ శతాబ్దపు కట్టడం కాబట్టి ఆ బాణం ఈ శిఖరానికి తగిలి ఉండదు. పాట మాత్రం నిజం. 1927 నుంచి మధ్యాహ్నం పన్నెండు గంటల పాటను పోలిష్ రేడియో దేశమంతా వినిపిస్తోంది.

పాతదనం విషయంలో వార్సాతో పోలిక కూడా తప్పదు. రెండో ప్రపంచ యుద్ధంలో వార్సా పాత ఊరు నేలమట్టమైంది, తర్వాత మళ్లీ కట్టారు. జర్మన్లు ఆక్రమిత పోలండ్ పాలనకు క్రాకోవ్‌ను రాజధాని చేసుకుని వావెల్ కోటలో కూర్చున్నారు, ఊరి కట్టడాలు చాలావరకు మిగిలాయి. యునెస్కో 1978లో ప్రపంచ వారసత్వ జాబితా మొదలుపెట్టినప్పుడు తొలి 12 స్థలాల్లో క్రాకోవ్ ఉంది, వియెలిచ్కా ఉప్పు గని కూడా ఉంది. వార్సా 1980లో చేరింది, మళ్లీ కట్టిన తీరుకు గుర్తింపుగా. కూలినదాన్ని ప్రాణం పెట్టి మళ్లీ కట్టినది తక్కువా అంటే, పోలండ్‌లోనే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఇటుక పాతదైతేనే చరిత్ర అనేవాళ్లు కొందరు. ఆకారం, జ్ఞాపకం నిలిస్తే అదీ చరిత్రే అనేవాళ్లు కొందరు.

సమాఖ్యలో ఉండి యూరో ఎందుకు లేదు

ఐరోపా సమాఖ్య, షెంగెన్, యూరో, ఈ మూడూ మూడు వేర్వేరు ఒప్పందాలు. పోలండ్ 2004 మే 1న సమాఖ్యలో చేరింది. 2007 డిసెంబర్ 21న షెంగెన్‌లో చేరింది, అంటే ఒకే వీసాతో సరిహద్దు దాటవచ్చు. యూరోలో మాత్రం చేరలేదు. చేరతామని సమాఖ్య ఒప్పందంలో మాట ఇచ్చింది, తేదీ ఇవ్వలేదు. పైగా పోలండ్ రాజ్యాంగం 227వ అధికరణం ప్రకారం డబ్బు ముద్రించే హక్కు జాతీయ బ్యాంకుకు మాత్రమే ఉంది, కాబట్టి యూరో తేవాలంటే రాజ్యాంగం మార్చాలనే వాదన బలంగా ఉంది.

యూరో కావాలనేవాళ్లు మార్పిడి ఖర్చు పోతుందని, జర్మనీతో వ్యాపారం సులువవుతుందని అంటారు. వద్దనేవాళ్లు 2009ని చూపిస్తారు. ఆ ఏడు సమాఖ్యలో ఆర్థిక వ్యవస్థ పెరిగిన దేశం పోలండ్ ఒక్కటే. జ్వోతి విలువ పడిపోవడంతో ఎగుమతులు చౌకై దేశం తట్టుకుందని వాళ్ల వాదన. తట్టుకోవడానికి వేరే కారణాలూ ఉన్నాయని అవతలివాళ్ల జవాబు.

జ్వోతి అంటే బంగారుది అని అర్థం. వంద గ్రోష్‌లు ఒక జ్వోతి. నోట్ల మీద ఉన్నవాళ్లు పాత రాజులు. 50 నోటు మీద సుకెన్నిత్సె కట్టించిన కజిమియెష్, 100 మీద యాగియెవో, 200 మీద మొదటి జిగ్మున్త్. జిగ్మున్త్ పేరు పెట్టిన 1520 నాటి పెద్ద గంట వావెల్ చర్చి శిఖరంలో ఉంది. అంటే జేబులో ఉన్నవాళ్లే గోడల మీదా ఉన్నారు.

డబ్బు మార్చే కొట్టును కాంతోర్ అంటారు. బోర్డు మీద రెండు వరుసలుంటాయి, కుప్నో, స్ప్షెదాష్. కుప్నో అంటే కొనుగోలు, స్ప్షెదాష్ అంటే అమ్మకం. ఎవరి కొనుగోలు? కొట్టువాడిది. మన దగ్గరి యూరోను అతను ఎంతకు కొంటాడో ఆ అంకె. చాలామంది రెండో వరుసలోని పెద్ద అంకె చూసి లోపలికి వెళ్లి, బయటికొచ్చి లెక్కపెట్టుకుని కంగారు పడతారు.

ఒక లెక్క వేద్దాం, అంకెలు ఊహించినవే. మొదటి కాంతోర్‌లో కుప్నో 4.20, స్ప్షెదాష్ 4.28. రెండో కాంతోర్‌లో కుప్నో 3.80, స్ప్షెదాష్ 4.35, పైన పెద్ద అక్షరాల్లో 'కమిషన్ లేదు'. వంద యూరోలకు మొదటి చోట 420 జ్వోతిలు, రెండో చోట 380. కమిషన్ లేదన్న మాట అబద్ధం కాదు, ఆ కమిషన్ అంతా రెండు అంకెల మధ్య ఖాళీలో ఉంది. ఖాళీ 8 గ్రోష్‌లా, 55 గ్రోష్‌లా అన్నదే అసలు ధర.

కార్డుతో ఇంకో రకం తికమక. ఏటీఎంలో 500 జ్వోతిలు అడిగితే తెర మీద "రూపాయల్లో చెల్లిస్తారా" అని వస్తుంది. మన డబ్బు పేరు కనిపించేసరికి ప్రాణం లేచొస్తుంది, అవును నొక్కేస్తాం. లెక్క కోసం ఒక జ్వోతి 24 రూపాయలు అనుకుందాం. అసలు విలువ 12,000 రూపాయలు. ఏటీఎం వాడు తన రేటులో 8 శాతం కలుపుకుంటే 12,960. వద్దని జ్వోతిలోనే తీసుకుంటే, మన బ్యాంకు 3.5 శాతం వేసుకున్నా 12,420. తేడా 540 రూపాయలు. దుకాణంలో స్వైప్ చేసేటప్పుడూ ఇదే ప్రశ్న రావచ్చు. యూరో నింపుకున్న ఫారెక్స్ కార్డు ఇక్కడ వాడితే యూరో నుంచి జ్వోతికి ఇంకోసారి మారుతుంది, దానికీ చార్జీ పడవచ్చు.

అంబర్ అంటే నాలుగు రకాలు, పొగ జున్ను అంటే రెండు రకాలు

అంబర్‌ను పోలిష్‌లో బుర్ష్తిన్ అంటారు. అది రాయి కాదు, నాలుగు కోట్ల ఏళ్ల నాటి చెట్ల బంక గట్టిపడింది. సంస్కృతం దీన్ని తృణమణి అంది, గుడ్డకు రుద్దితే గడ్డిపరకను లాగుతుంది కాబట్టి. గ్రీకులు ఎలెక్ట్రాన్ అన్నారు. ఎలక్ట్రిసిటీ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఇది బాల్టిక్ తీరపు సరుకు, ఊరి పేరు చెప్పాలంటే గ్దాన్‌స్క్. క్రాకోవ్ నేలలో దొరకదు, క్రాకోవ్‌లో అమ్ముతారు.

ఒకేలా కనిపించే రెండు పూసల ధర నాలుగింతలు తేడా ఎందుకు? అంబర్ వ్యాపారులు సరుకును నాలుగు రకాలుగా విడదీస్తారు. కోసి, నునుపు చేసింది తప్ప ఇంకేమీ చేయనిది సహజం. వేడి, ఒత్తిడి పెట్టి రంగు మార్చినది లేదా తేట చేసినది శుద్ధి చేసినది. చిన్న ముక్కలనూ పొడినీ వేడి చేసి నొక్కి దిమ్మగా చేసినది నొక్కుడు అంబర్. రెండు ముక్కలు అతికించినది అతుకు. నాలుగింటిలోనూ ఉన్నది అంబరే, అందుకే 'అసలు అంబర్' అన్న మాటతో ఏ రకమో తేలదు. ఇవి కాక కోపాల్ అని వయసు తక్కువ చెట్టుబంక ఉంది, గాజు ఉంది, ప్లాస్టిక్ ఉంది.

ఉప్పు నీళ్ల పరీక్ష చాలామందికి తెలుసు. చిక్కటి ఉప్పు నీళ్లలో అంబర్ తేలుతుంది, గాజు మునుగుతుంది. కానీ కోపాల్ కూడా తేలుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లూ తేలుతాయి. కాబట్టి మునిగితే అంబర్ కాదని తెలుస్తుంది, తేలితే అంబరే అని తెలియదు. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ అడిగినట్టే, ఇక్కడ రకం పేరు బిల్లు మీద రాయించుకోవడం వల్ల వచ్చే భరోసా వేరు.

ఇప్పుడు జున్ను. చౌకులో చలికాలం బొగ్గుల మీద బంగారు రంగు జున్ను బిళ్లలు కాలుతుంటాయి, పైన ఎర్రటి క్రాన్‌బెర్రీ జామ్ వేసి ఇస్తారు. పొగ వాసన, ఉప్పదనం, పళ్ల కింద కిర్రుమనే చప్పుడు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దాన్ని ఒస్త్సిపెక్ అంటారు. అది ఒస్త్సిపెక్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఒస్త్సిపెక్ పేరుకు 2008లో సమాఖ్య రక్షణ వచ్చింది, మన భౌగోళిక గుర్తింపు లాంటిదే. తాత్రా కొండల కింద పోద్‌హాలే ప్రాంతంలో చేయాలి. కనీసం 60 శాతం గొర్రె పాలు ఉండాలి. గొర్రెలు కొండ మేతకు వెళ్లే మే నుంచి సెప్టెంబర్ దాకానే చేస్తారు. కదురు ఆకారంలో 17 నుంచి 23 సెంటీమీటర్ల పొడవు, 600 నుంచి 800 గ్రాముల బరువు ఉండాలి. కాబట్టి జనవరిలో అరచేతిలో ఇమిడే బిళ్లను పెనం మీద వేసి ఇస్తున్నారంటే అది దాదాపుగా ఆవు పాల పొగ జున్నే. అది చెడ్డది కాదు, రుచిగానే ఉంటుంది, వేరే పేరుతో అమ్మడం చట్టబద్ధమే. కొండ కాపరుల బాధ పేరు గురించి. ఎండాకాలమంతా మంద వెంట తిరిగి, పాలు పిండి, గుడిసెలో పొగబెట్టి చేసిన జున్నుకు, ఫ్యాక్టరీ పాల జున్నుకు ఒకే పేరు పెడితే వాళ్ల కష్టానికి ధర రాదు. వాళ్ల వైపే న్యాయం ఉందని నా అభిప్రాయం.

ఒబ్వజానెక్ విషయంలో ఇంత చిక్కు లేదు. నీలం తోపుడుబండి మీద పేర్చిన రింగు రొట్టెలు అవి. రెండు పిండి తాళ్లు మెలిపెట్టి, ముందు వేడి నీళ్లలో ఉడికించి, తర్వాత కాలుస్తారు, పైన గసగసాలో నువ్వులో ఉప్పో చల్లుతారు. 1394లో రాణి యాద్విగా, రాజు యాగియెవోల ఆస్థాన లెక్కల్లో ఈ పేరు ఉంది. 2010 నుంచి దీనికీ రక్షణ ఉంది, క్రాకోవ్‌లోనూ పక్క జిల్లాల్లోనూ చేసినదే క్రాకోవ్ ఒబ్వజానెక్. సాయంత్రానికి గట్టిపడుతుంది, పొద్దున కొన్నదే రొట్టె.

ఆదివారం ఏ కొట్టు తెరుస్తారు

2018 మార్చి 1 నుంచి పోలండ్‌లో ఆదివారం దుకాణాలపై నిషేధం అమల్లో ఉంది. మొదటి ఏడాది నెలకు రెండు ఆదివారాలు వదిలారు, 2019లో ఒకటి, 2020 నుంచి ఏడాదికి ఏడు. 2025లో డిసెంబర్ 24ను సెలవు చేసి, దానికి ముందు మూడు ఆదివారాలు తెరవడానికి ఒప్పుకున్నారు, అలా ఎనిమిది అయ్యాయి. తెరిచే ఆదివారాన్ని నెజెలా హండ్లోవా అంటారు.

అసలు చిక్కు మినహాయింపుల్లో ఉంది. చట్టంలో ముప్పైకి పైగా ఉన్నాయి. మందుల షాపు, పెట్రోల్ బంకు, బేకరీ, రైల్వే స్టేషన్‌లోని కొట్లు, జ్ఞాపికలు, భక్తి సామాన్లు అమ్మే కొట్లు వాటిలో కొన్ని. యజమాని స్వయంగా గల్లాలో కూర్చుంటే కూడా తెరవచ్చు, ఉద్యోగిని కూర్చోబెట్టకూడదు. అందువల్ల మామూలు ఆదివారం క్రాకోవ్ ఇలా ఉంటుంది. సుకెన్నిత్సెలో అంబర్ కొట్టు తెరిచి ఉంటుంది, అది జ్ఞాపికల కొట్టు. స్టేషన్‌కు ఆనుకుని ఉన్న గలేరియా క్రాకోవ్‌స్కా మాల్‌లో బట్టల షాపులు మూత, తినే చోట్లు తెరిచే ఉంటాయి. గోడ అవతల స్టేషన్‌లో నీళ్ల సీసా దొరుకుతుంది. వీధి చివర జాబ్కా కిరాణా కొట్టు తెరవడం యజమాని ఓపికను బట్టి. ఒకప్పుడు పెద్ద కంపెనీల చైన్ స్టోర్లు పార్సిళ్లు ఇస్తాం కాబట్టి తమది పోస్టాఫీసు అని తెరిచేవి. 2022లో ఆ సందు మూశారు, ఆ పని మీద ఆదాయం కనీసం 40 శాతం ఉంటేనే పోస్టాఫీసు అన్నారు.

ఈ చట్టాన్ని ముందుకు తెచ్చింది సోలిదార్నోష్చ్ కార్మిక సంఘం, చర్చి మద్దతు ఉంది. గల్లాలో పనిచేసేవాళ్లకు, ముఖ్యంగా తల్లులకు, ఇంట్లో ఒక రోజు దొరకాలన్నది వాళ్ల మాట. చిన్న కొట్టు యజమానికి పెద్ద సూపర్‌మార్కెట్ నుంచి ఒక రోజు ఊపిరి దొరుకుతుందని కూడా అన్నారు. వ్యతిరేకించేవాళ్లు, శనివారమే పెద్ద దుకాణాలు రాయితీలిచ్చి జనాన్ని లాక్కుంటున్నాయని, చిన్నవాడికి మిగిలిందేమీ లేదని అంటారు. వారమంతా చదువుకుని ఆదివారం పార్ట్‌టైమ్ చేసుకునే విద్యార్థులకు ఆ గంటలు పోయాయన్న వాదనా ఉంది. మన పిల్లలకు అది బాగా తెలిసిన బాధ.

ఒకే కొండ మీద రెండు టికెట్ కౌంటర్లు

వావెల్ కొండ ఎక్కడానికి, కోట ముంగిట తిరగడానికి డబ్బు అక్కర్లేదు. కోట లోపలి గదులు ప్రభుత్వ మ్యూజియానివి, ఒక్కో ప్రదర్శనకూ వేరే టికెట్. పక్కనే ఉన్న ప్రధాన చర్చి క్యాథలిక్ చర్చిది, పెద్ద గంట దగ్గరికి, రాజుల సమాధుల దగ్గరికి వెళ్లాలంటే దాని టికెట్ వేరు. లియొనార్డో డావిన్చి గీసిన ముంగిసను ఎత్తుకున్న అమ్మాయి చిత్రం (నిజానికి అది ఎర్మిన్ అనే మంచుదేశపు జంతువు) కొన్నేళ్లు వావెల్‌లోనే ఉండేది, అందుకే ఇప్పటికీ అక్కడికి వెళ్లి అడుగుతుంటారు. 2019 డిసెంబర్ నుంచి అది పాత ఊళ్లోని చార్తోరిస్కి మ్యూజియంలో ఉంది.

నాజీల మరణ శిబిరం ఔష్విట్జ్ క్రాకోవ్ నుంచి 70 కిలోమీటర్ల దూరం. అక్కడి స్మారకంలోకి ప్రవేశం ఉచితం, ప్రవేశ కార్డు మాత్రం ముందే తీసుకోవాలి. చౌకు దగ్గర బోర్డుల మీద కనిపించే ధరలు బస్సుకు, గైడ్‌కు, ఏజెన్సీకి.

23 శాతం పన్నులో చేతికి వచ్చేదెంత

పోలండ్‌లో ధర చీటీ మీద ఉన్న అంకెలోనే వ్యాట్ కలిసి ఉంటుంది. ఎక్కువ వస్తువులకు 23 శాతం. సమాఖ్య బయట శాశ్వత నివాసం ఉన్నవాళ్లు వస్తువును వాడకుండా బయటికి తీసుకెళ్తే ఆ పన్ను వెనక్కి అడగవచ్చు. ఒక దుకాణంలో కొన్నది కనీసం 200 జ్వోతిలు ఉండాలి, ఆ దుకాణం ఈ పథకంలో ఉండాలి.

1,230 జ్వోతిల అంబర్ హారం కొన్నారనుకుందాం. చాలామంది 1,230లో 23 శాతం, అంటే సుమారు 283 అనుకుంటారు. పన్ను వేసింది 1,230 మీద కాదు, 1,000 మీద. వెయ్యికి 230 పన్ను కలిస్తే 1,230. కాబట్టి వెనక్కి రాగల గరిష్ఠం 230, అంటే కట్టినదాంట్లో 18.7 శాతం. మధ్యలో ఉన్న కంపెనీ తన కోత తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. హోటల్ గదికి, తిన్న భోజనానికి ఇది వర్తించదు.

గడువు కొన్న నెల తర్వాత మూడో నెల చివరి రోజు. మే 10న కొంటే ఆగస్టు 31 లోపు సమాఖ్య దాటాలి. క్రాకోవ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వచ్చేవాళ్లకు కస్టమ్స్ ఎక్కడ అన్న టెన్షన్ సహజం. సామాను చేతి బ్యాగులో ఉంటే సమాఖ్యను విడిచే చివరి విమానాశ్రయంలో. హైదరాబాద్ దాకా చెక్‌ఇన్ చేసే పెట్టెలో ఉంటే, ఆ పెట్టె మన చేతిలోంచి పోయేది క్రాకోవ్‌లోనే కాబట్టి, అక్కడే చూపించాలి.

కజిమియెష్‌లో నాణెం పట్టుకున్న బొమ్మ

పాత ఊరికి దక్షిణాన ఉన్న కజిమియెష్‌ను ఇప్పుడు పేట అంటున్నాం కానీ, 1335లో రాజు కజిమియెష్ తన పేరుతో వేరే పట్టణంగా స్థాపించాడు. 1495లో క్రాకోవ్ యూదులను ఇక్కడికి పంపించారు. అప్పటి నుంచి ఇది ఐరోపా యూదుల చదువుకూ భక్తికీ పెద్ద కేంద్రమైంది. యుద్ధానికి ముందు క్రాకోవ్ జనాభాలో దాదాపు నాలుగో వంతు యూదులు, 60 వేల పైచిలుకు. 1941 మార్చిలో నాజీలు వాళ్లలో మిగిలినవాళ్లను నది అవతల పోద్‌గూజెలోని ఘెట్టోలోకి, అంటే యూదులను బంధించిన పేటలోకి తోశారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో ఆ ఘెట్టోను ఖాళీ చేశారు, కొందరిని అక్కడికక్కడే చంపి, మిగిలినవాళ్లను శిబిరాలకు పంపి.

ఇప్పుడు కజిమియెష్ సందడిగా ఉంటుంది. ప్లాత్స్ నోవి చౌకులో గుండ్రటి మార్కెట్ భవనం కిటికీల ముందు జపెకాంకా కోసం జనం వరుస కడతారు, పొడవాటి రొట్టె సగం మీద పుట్టగొడుగులు, జున్ను వేసి కాల్చినది. యూదు పాటలు వినిపించే భోజనశాలలున్నాయి. చాలా చోట్ల నడిపేది యూదులు కారు. ఇది జ్ఞాపకాన్ని నిలబెట్టడమా, అమ్ముకోవడమా అన్న వాదన చాలా ఏళ్లుగా సాగుతోంది. పాడుబడిన వీధుల్లోకి ప్రాణం వచ్చిందని, ప్రార్థనా మందిరాలు బాగయ్యాయని ఒక వైపు. మనుషులు లేని చోట వాళ్ల వేషం మిగిలిందని ఇంకో వైపు.

ఈ వాదన బాగా బరువెక్కేది ఒక చిన్న బొమ్మ దగ్గర. గడ్డం, నల్లటి టోపీ, చేతిలో ఒక గ్రోష్ నాణెం. ఇంట్లో పెట్టుకుంటే డబ్బు నిలుస్తుందని కొంటారు. అమ్మేవాళ్లు ఇది శుభం కోసమే, ద్వేషం ఏమీ లేదు అంటారు. ఈస్టర్ మర్నాటి ఎమావుస్ సంతలో చెక్క యూదు బొమ్మలు అమ్మడం పాత ఆనవాయితీ అన్నదీ నిజం. విమర్శించేవాళ్లు, యూదుడంటే డబ్బు అన్న ఆ ఊహే ఒకప్పుడు మనుషులను చంపడానికి సాకు అయిందని గుర్తు చేస్తారు. 2021లో క్రాకోవ్ నగర పాలకులు ఇది యూదు వ్యతిరేకమైన బొమ్మ అని తేల్చి, అమ్మకాలు ఆపాలన్నారు. కొనే మనిషి మనసులో చెడు లేకపోవచ్చు. కానీ ఆ బొమ్మలో ఉన్నవాడి మనవలు ఈ ఊళ్లో లేరు, అడ్డు చెప్పడానికి. తెలిసాక దాన్ని సంచిలో వేసుకోవడం నాకు సాధ్యం కాదు.

నది దాటితే ఘెట్టో వీరుల చౌకు వస్తుంది. 1942-43లో యూదులను రైళ్లకు తరలించే ముందు పోగుచేసిన చోటు అది. ఖాళీ చేయించిన ఇళ్లలోంచి బయట పారేసిన సామాన్లకు గుర్తుగా 2005లో అక్కడ ఇనుప కుర్చీలు నాటారు, 33 పెద్దవి, 37 కాస్త చిన్నవి. పెద్దవి చౌకంతా వరుసగా ఖాళీగా ఉంటాయి. చిన్నవాటిలో కొన్ని ట్రామ్ స్టాపు దగ్గర ఉన్నాయి, కూరగాయల సంచులు ఒళ్లో పెట్టుకుని ఊరివాళ్లు వాటి మీదే కూర్చుని ట్రామ్ కోసం చూస్తుంటారు.